వానాకాలం బురద గడ్డి మీద పరుగు: ఏ బూట్లు కొనాలి?

జూన్ సగం దాటి వానలు పట్టుకున్నాక మన గ్రౌండ్ల స్వభావమే మారిపోతుంది. ఎండాకాలమంతా దుమ్ము లేచిన చోట గరిక అల్లుకుంటుంది. మలుపుల దగ్గర, గోల్‌పోస్టుల ముందు తుంగ మొలుస్తుంది, అక్కడ కాలు వేస్తే నేల దిగబడుతుంది. మార్చిలో కొన్న రన్నింగ్ షూస్ అదే గ్రౌండ్‌లో జారడం మొదలుపెడతాయి. షాపుకు వెళ్తే కుషన్ గురించి చెబుతారు, బరువెంతో చెబుతారు. బూటు తిరగేసి అడుగు చూపించేవాళ్ళు మాత్రం తక్కువ. బురద గడ్డి మీద పరిగెత్తేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఆ అడుగునే.

పోలీసు, ఆర్మీ ఈవెంట్స్‌కు తయారవుతున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు, స్కూలు కాలేజీ అథ్లెట్లు, మోకాళ్ళ నొప్పులకు భయపడి రోడ్డు వదిలి గడ్డి మీదికి వచ్చిన నలభై దాటినవాళ్ళు, అందరికీ ఈ కాలంలో ఇదే సందేహం. నా సలహా ఏమిటంటే, బ్రాండు పేరు చూసే ముందు రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకోండి. మీ గ్రౌండ్‌లో ఏ మట్టి ఉంది? ఇంటి నుంచి గ్రౌండ్ దాకా తారు రోడ్డు మీద ఎంత దూరం పరిగెత్తాలి? ఈ రెండూ తేలితే సగం బూట్లు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

## ముందు నేల సంగతి

ఎర్ర నేలలు, చెల్కలు. మహబూబ్‌నగర్, రంగారెడ్డి, అనంతపురం వైపు ఎక్కువగా ఇవే. ఇసుక పాలు ఉండడంతో నీళ్ళు తొందరగా ఇంకిపోతాయి. రాత్రి వాన పడినా తెల్లారేసరికి చాలాచోట్ల పరిగెత్తవచ్చు. పైన సన్నని జిగురు పొర ఒకటి జారుతుంది కానీ దాని కింద నేల గట్టిగానే ఉంటుంది. ఇలాంటి చోట మరీ లోతైన పట్టు అక్కర్లేదు.

నల్లరేగడి. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ వాళ్ళకు దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ బంకమట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, దొరికిన దానికల్లా అంటుకుంటుంది. వాన పడుతున్నప్పటి కంటే వాన వెలిసిన మర్నాడు, నేల సగం ఆరినప్పుడు మరీ కష్టం. పల్చటి బురద జారిపోతుంది, సగం ఆరిన బురద మాత్రం వదలదు. ఒక రౌండు తిరిగేసరికి అడుగున ఓ పొర పడుతుంది. దానికి గడ్డిపరకలు తగులుకుంటాయి, వాటి మీద ఇంకో పొర చేరుతుంది. రెండో రౌండుకు అడుగు మొత్తం నున్నగా తయారవుతుంది. బూటు బరువు పెరిగిన సంగతి పిక్కలకు తెలిసిపోతుంది. ఇక్కడ గుబ్బల ఎత్తు ఎంత ఉన్నా వాటి మధ్య మట్టి రాలిపోయే ఖాళీ లేకపోతే ఆ ఎత్తు ఎందుకూ పనికిరాదు.

డెల్టా ఒండ్రు నేలలు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో గ్రౌండ్ల మీద నీళ్ళు నిలుస్తాయి. గడ్డి దట్టంగా ఉంటుంది, కింద మెత్తగా దిగుతుంది. బూట్లోకి నీళ్ళు రాకుండా ఆపడం ఇక్కడ జరిగే పని కాదు. వచ్చిన నీళ్ళు ఎంత త్వరగా బయటికి పోతాయన్నదే చూడాలి.

నెల్లూరు, తిరుపతి వైపు వాళ్ళకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్‌లో తొందరపడి కొనక్కర్లేదు.

## బూట్లో చూడాల్సినవి

గుబ్బల ఎత్తు. సోల్ కింద పొడుచుకు వచ్చే రబ్బరు ముక్కలను ఇక్కడ గుబ్బలు అంటున్నాను. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు మామూలు టైర్లు పనిచేయవని కేజ్‌వీల్స్ వేస్తారు కదా, కారణం ఇక్కడా అదే. బురదలో పైపొరకు పట్టు ఉండదు, దాన్ని చీల్చుకుని కింద ఉన్న గట్టి పొరను అందుకోవాలి. రోడ్డు బూట్లకు ఈ ఎత్తు ఒకటి నుంచి మూడు మి.మీ. గుట్టల్లో, అడవి బాటల్లో పరుగుకు చేసిన మామూలు ట్రైల్ బూట్లకు మూడు నుంచి ఐదు, మెత్తని నేల కోసమే చేసిన వాటికి ఆరు నుంచి ఎనిమిది మి.మీ. దాకా ఉంటుంది. ట్రైల్ మోడళ్ళలో సలోమన్ స్పీడ్‌క్రాస్‌కు ఐదు, ఇనోవ్-8 మడ్‌క్లాకు ఎనిమిది మి.మీ. ఉండడం వెనుక ఉన్నది ఈ లెక్కే.

గుబ్బల మధ్య ఖాళీ. నా దృష్టిలో ఎత్తు కంటే ఇదే ముఖ్యం. షాపులోనే చూసుకోవచ్చు. బూటు తిరగేసి రెండు గుబ్బల మధ్య చిటికెన వేలి కొన పెట్టండి. సులువుగా దిగితే మట్టి రాలుతుంది. గోరు కూడా పట్టనంత ఇరుకుగా ఉంటే నల్లరేగడిలో ఆ బూటు రెండు నిమిషాల్లో మూసుకుపోతుంది. ముందు భాగంలో గుబ్బల అంచులు నేలను వెనక్కి తోసేలా, మడమ దగ్గర వాటికి ఎదురు దిశలో ఉన్నాయేమో కూడా చూడండి. ముందువి తోపుకు, వెనకవి ఆగడానికి.

మడమ పట్టు. బురద బూటును వెనక్కి లాగుతుంది. మడమ కొంచెం వదులుగా ఉన్నా కాలు లోపల జారి పుండు పడుతుంది, గట్టి బురదలో బూటే ఊడి రావచ్చు. పెరిగే పిల్లలకు ఒక సైజు పెద్దది కొనే అలవాటు ఈ బూట్ల విషయంలో మానుకోవాలి.

అడుగు మందం. ఈ మధ్య రోడ్డు బూట్లకు మడమ కింద 35, 40 మి.మీ. నురుగు (ఫోమ్) వస్తోంది. రోడ్డు మీద హాయిగానే ఉంటుంది. గుంతలున్న గడ్డి మీద మాత్రం అంత ఎత్తు నుంచి చీలమండ పక్కకు తిరగబడే అవకాశం ఎక్కువ. మెత్తని నేలే సగం కుషన్ ఇస్తుంది కాబట్టి ఇక్కడ పల్చటి అడుగే మేలు.

నీళ్ళు బయటికి పోవడం. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే వానాకాలానికి బాగుంటుందని అనిపిస్తుంది. నీళ్ళు నిలిచిన గడ్డిలో అవి పై నుంచే, చీలమండ దగ్గర నుంచే లోపలికి వస్తాయి. వాటర్‌ప్రూఫ్ పొర వాటిని బయటికి పోనివ్వదు. ఇలాంటి పొర ఉన్న గోర్‌టెక్స్ బూట్లు మన వానాకాలపు ఉక్కలో ఆరడానికీ చాలా సమయం తీసుకుంటాయి. పల్చటి జాలీ గుడ్డ ఉన్నవే తీసుకోండి.

## ఏ రకం ఎలా ఉంటుంది

రోడ్డు రన్నింగ్ షూస్. ఇప్పటికే ఇంట్లో ఉన్నవి కాబట్టి అందరూ వీటితోనే మొదలుపెడతారు. ఎర్ర నేలల్లో, గడ్డి పొట్టిగా కోసి ఉన్న చోట, కాస్త తడి మాత్రమే ఉన్న రోజున వీటితో నెమ్మదిగా పరిగెత్తవచ్చు. సోల్ అంచు దాకా కాలు దిగే నేలలో వద్దు. జారకుండా ఉండాలని తెలియకుండానే అడుగులు బిగబట్టి వేస్తాం. తొడ వెనక కండరం, గజ్జల కండరం పట్టేసేది అప్పుడే.

తెల్ల కాన్వాస్ పీటీ షూస్. చవక, పల్చటి అడుగు, తొందరగా ఆరతాయి. ఈ మూడూ మంచి గుణాలే. పట్టు మాత్రం దాదాపు ఉండదు, మడమకు ఆసరా ఉండదు. డ్రిల్లుకు, వార్మప్‌కు సరిపోతాయి. మలుపుల్లో వేగంగా పరిగెత్తడానికి వీటిని నమ్ముకోవద్దు.

క్రికెట్ రబ్బర్ స్టడ్స్. ఈ రకాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఏ చిన్న ఊళ్ళోనైనా స్పోర్ట్స్ షాపులో దొరుకుతాయి, మడమ కింద ఓ మోస్తరు కుషన్ ఉంటుంది, పాదం వెడల్పుగా ఉన్నవాళ్ళకూ ఇరుకనిపించవు. తడి గడ్డి మీద, ఎర్ర నేల మీద పట్టు బాగుంటుంది. గుబ్బలు చిన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి నల్లరేగడిలో మూసుకుపోతాయి. బరువు కొంచెం ఎక్కువ. నాలుగైదు కిలోమీటర్లలోపు ప్రాక్టీసుకు, పెద్దగా ఖర్చు పెట్టలేని కుర్రాళ్ళకు నేను మొదట చూపించేది వీటినే.

ఫుట్‌బాల్ స్టడ్స్. పట్టు విషయంలో వంక పెట్టడానికి లేదు. గడ్డి నేలకు చేసిన, అచ్చులో పోసిన గట్టి స్టడ్స్ బురదలో చక్కగా దిగుతాయి, మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి మట్టి కూడా రాలుతుంది. కానీ ఇవి పొట్టి పరుగులకు, ఒక్కసారిగా దిశ మార్చడానికి చేసినవి. అడుగున కుషన్ ఉండదు, వేళ్ళ దగ్గర బిగుతు. ఇరవై నిమిషాలు ఒకే వేగంతో పరిగెత్తితే స్టడ్ ఉన్న చోటల్లా పాదం కింద నొప్పి తెలుస్తుంది. షటిల్ రన్‌కు, వంద మీటర్ల స్ప్రింట్లకు వాడుకోండి. లోహపు స్టడ్స్ ఉన్నవి పరుగుకు అసలు వద్దు. నగరాల్లో కృత్రిమ గడ్డి మీద ఆడే టర్ఫ్ షూస్ వేరే రకం. వాటి కింద ఉండేవి చిన్న చిన్న రబ్బరు మొటిమలు, బురదలో అవి క్రికెట్ బూట్ల కంటే త్వరగా నిండిపోతాయి.

ట్రైల్ రన్నింగ్ షూస్. గుట్టల్లో, అడవి బాటల్లో పరుగుకు చేసినవి. మనం ఎక్కువ ఆలోచించాల్సింది వీటి గురించే, ఎందుకంటే ట్రైల్ అని పేరున్నవన్నీ బురదకు పనికిరావు. మూడు మి.మీ. గుబ్బలు, మందమైన నురుగు ఉన్నవి గట్టి కాలిబాటలకు చేసినవి. వాటిని బురదలో వేసుకుంటే రోడ్డు బూటుకు, వాటికి తేడా తెలియదు. నాలుగు నుంచి ఐదు మి.మీ. ఎత్తు, మధ్యలో వేలు పట్టే ఖాళీ ఉన్నవి మన గ్రౌండ్లలో ఎక్కువ వాటికి సరిపోతాయి. ఇంటి నుంచి గ్రౌండ్ దాకా రోడ్డు మీద రెండు కిలోమీటర్లు వెళ్ళాల్సి వచ్చినా కాళ్ళకు ఇబ్బంది ఉండదు. ఆరు నుంచి ఎనిమిది మి.మీ. వాటి కథ వేరు. ఇంగ్లండ్‌లో గుట్టల మీద, చిత్తడి నేలల్లో పరిగెత్తేవాళ్ళ కోసం వచ్చిన రకం అది. నల్లరేగడికి, డెల్టా నేలలకు అద్భుతంగా ఉంటాయి. తారు రోడ్డు మీద మాత్రం గుబ్బలు వంగి కాలు తొణుకుతున్నట్టుంటుంది, మెత్తని రబ్బరు కాబట్టి త్వరగా అరిగిపోతుంది. నేరుగా గ్రౌండ్ దగ్గర బండి దిగేవాళ్ళు మాత్రమే వీటి మీద డబ్బు పెట్టాలి.

క్రాస్‌కంట్రీ స్పైక్స్. ట్రాక్ మీద కాకుండా గడ్డి, మట్టి నేలల మీద జరిగే దూరపు పరుగు పోటీలకు చేసినవి. బురద గడ్డి మీద వీటి కంటే వేగమైనవి లేవు. ముందు భాగంలో మర బిగించే మేకులుంటాయి. నేలను బట్టి పొడవు మార్చుకోవచ్చు. సింథటిక్ ట్రాక్ మీద పరుగు పోటీల్లో స్పైక్ పొడవు 9 మి.మీ. దాటకూడదు, సింథటిక్ కాని నేల మీద 25 మి.మీ. దాకా నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆచరణలో తడి గడ్డికి 9 నుంచి 12, లోతు బురదకు 15 మి.మీ. పెడతారు. మడమ కింద ఏమీ ఉండదు కాబట్టి అలవాటు లేనివాళ్ళకు పిక్కలు, మడమ వెనక నరం పట్టేస్తాయి. వార్మప్ మామూలు బూట్లతో చేసి, ఇంటర్వెల్స్‌కు (మధ్యలో ఆగుతూ చేసే వేగపు పరుగులకు) మాత్రమే ఇవి వేసుకోవాలి. గ్రౌండ్‌లో గులకరాళ్ళు ఉన్నా, గుంపుగా పరిగెత్తుతున్నా వద్దు. పక్కవాడి కాలికి గీసుకుంటే కుట్లు పడతాయి.

వట్టి కాళ్ళు. పల్లెల్లో ఇప్పటికీ ఎంతోమంది ఇలాగే పరిగెత్తుతున్నారు. తడి గడ్డి మీద కాలివేళ్ళు నేలను పట్టుకునే తీరు మంచిదే, పాదాల కండరాలు గట్టిపడతాయి. భయమల్లా నేలలో ఉన్నవాటి గురించే: పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు, పగిలిన సీసా ముక్కలు. వానాకాలంలో కంటికి కనిపించనివి ఇంకా ఉంటాయి. బహిర్భూమికి వాడే చోట్ల కొంకిపురుగు లార్వా పాదాల చర్మం గుండానే శరీరంలోకి వెళ్తుంది. పశువులు, ఎలుకలు తిరిగే నీటి గుంటల్లో లెప్టోస్పైరోసిస్ క్రిములు ఉండవచ్చు, కాలి మీద చిన్న గాయం ఉన్నా చాలు. మీకు తెలిసిన శుభ్రమైన గడ్డి మీద కొన్ని స్ట్రయిడ్స్ (కొద్ది దూరం వేగం పెంచే పొట్టి పరుగులు) వరకు సరే. రోజువారీ ప్రాక్టీసుకు నేను ఒప్పుకోను.

| రకం | బురదలో పట్టు | మట్టి రాలడం | ఎక్కువ దూరానికి | తారు రోడ్డు మీద | ఖర్చు |
|---|---|---|---|---|---|
| రోడ్డు షూస్ | తక్కువ | తక్కువ | బాగు | చాలా బాగు | మధ్యస్థం |
| పీటీ షూస్ | చాలా తక్కువ | ఫర్వాలేదు | వద్దు | ఫర్వాలేదు | చాలా తక్కువ |
| క్రికెట్ రబ్బర్ స్టడ్స్ | మధ్యస్థం | తక్కువ | 4–5 కి.మీ. దాకా | ఫర్వాలేదు | తక్కువ |
| ఫుట్‌బాల్ స్టడ్స్ | బాగు | బాగు | వద్దు | వద్దు | తక్కువ |
| ట్రైల్, 4–5 మి.మీ. | బాగు | బాగు | చాలా బాగు | బాగు | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| ట్రైల్, 6–8 మి.మీ. | చాలా బాగు | చాలా బాగు | బాగు | వద్దు | ఎక్కువ |
| క్రాస్‌కంట్రీ స్పైక్స్ | అన్నిటికంటే బాగు | చాలా బాగు | ఇంటర్వెల్స్‌కు మాత్రమే | అసలు వద్దు | మధ్యస్థం |

## ఎవరికి ఏది

ఈవెంట్స్‌కు తయారయ్యేవాళ్ళు. 2022 తెలంగాణ పోలీసు నియామకాల్లో పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాల్సి వచ్చింది. ఇలాంటి పరీక్షకు వానాకాలం ప్రాక్టీసు కాళ్ళకు బలం ఇస్తుంది కానీ టైమింగ్ చూసుకోవడానికి బురద పనికిరాదు. బురదలో రౌండుకు పదేసి సెకన్లు పోతే కంగారు పడి వేగం పెంచకండి, ఊపిరిని బట్టి పరిగెత్తండి. డబ్బు తక్కువగా ఉంటే క్రికెట్ రబ్బర్ స్టడ్స్, కొంచెం పెట్టగలిగితే 4–5 మి.మీ. ట్రైల్ షూస్ తీసుకోండి. పరీక్ష రోజు వేసుకోబోయే రోడ్డు షూస్‌తో వారానికి ఒకసారైనా గట్టి నేల మీద పరిగెత్తండి. కాలు ఆ బూటు అలవాటు మర్చిపోకూడదు. స్పైక్స్‌తో పరీక్షకు వెళ్ళాలనుకుంటే ముందు ఆ నోటిఫికేషన్‌లో బూట్ల గురించి ఏముందో చదవండి.

కాలేజీ, జిల్లా స్థాయి అథ్లెట్లు. రెండు జతలు పెట్టుకోగలిగితే ట్రైల్ ఒకటి, స్పైక్స్ ఒకటి. ఒక్కటే కొనగలిగితే ట్రైలే కొనండి. స్పైక్స్ వారానికి రెండు రోజులకు మించి పనికిరావు, మిగతా రోజులు ఏం వేసుకుంటారు?

బరువు ఎక్కువ ఉన్నవాళ్ళు, నలభై దాటినవాళ్ళు. మీ బరువుకు నేల ఇంకా దిగుతుంది, చీలమండ మీద భారం పెరుగుతుంది. 4–5 మి.మీ. ట్రైల్‌లోనే అడుగు వెడల్పుగా ఉన్నది చూసుకోండి. ఇంతకుముందు చీలమండ బెణికి ఉంటే ఎత్తు నురుగు బూట్ల జోలికి పోవద్దు. సగం ఆరిన నల్లరేగడి ఉన్న రోజున పరుగు మాని గట్టి బాట మీద నడవడమే మంచిది.

మహిళలు. చిన్న ఊళ్ళ షాపుల్లో స్టడ్స్, స్పైక్స్ మగవాళ్ళ సైజుల్లోనే వస్తాయి. పొడవు సరిపోయినా మడమ వదులుగా ఉంటుంది. లేసు కట్టే చివరి రంధ్రం గుండా చిన్న ఉచ్చు చేసి, రెండో వైపు లేసును అందులోంచి తీసి బిగిస్తే మడమ కొంతవరకు కుదురుతుంది. అప్పటికీ కదులుతుంటే ఆ జత వద్దు, మహిళల సైజుల్లో వచ్చే ట్రైల్ షూస్ తెప్పించుకోండి.

బ్రిటన్‌లో చదువుకుంటున్న మనవాళ్ళు. అక్కడ క్రాస్‌కంట్రీ సీజన్ శీతాకాలంలో, పార్కుల్లో, బురద గడ్డి మీదే. యూనివర్సిటీ క్లబ్బులో చేరితే స్పైక్స్ కొనక తప్పదు, 12, 15 మి.మీ. మేకుల సెట్లు రెండూ దగ్గర పెట్టుకోండి. శనివారం పొద్దున పార్కుల్లో జరిగే 5 కి.మీ. సామూహిక పరుగు పార్క్‌రన్‌కు మాత్రమే వెళ్ళేవాళ్ళకు అవి అనవసరం. చాలా పార్కుల్లో దారి సగం తారు, సగం గడ్డి. ట్రైల్ షూస్‌తో పని జరిగిపోతుంది.

## షాపులో, ఇంట్లో

సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. పరుగుకు వేసుకునే మేజోళ్ళు వెంట తీసుకెళ్ళండి. నూలువి కాకుండా సింథటిక్‌వి వాడండి. నూలు నీళ్ళు తాగి బరువెక్కి బొబ్బలు తెస్తుంది. బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ, మడమ దగ్గర కదలిక లేకపోవడం, రెండూ ఒకే బూటులో కుదరాలి. ఆన్‌లైన్‌లో కొంటే పై ఫొటో కంటే అడుగు ఫొటో ముఖ్యం. అది పెట్టని అమ్మకందారు దగ్గర కొనకండి.

పరుగు అయిన వెంటనే, మట్టి ఆరకముందే, కుళాయి కింద కడిగేయండి. ఆరిన నల్లరేగడిని గీకితే గుబ్బల అంచులు కూడా దెబ్బతింటాయి. లోపలి అట్ట బయటికి తీసి, పాత న్యూస్‌పేపర్లు ఉండలు చుట్టి కుక్కి ఫ్యాను కింద పెట్టండి. గంట తర్వాత తడిసిన కాగితాలు మార్చాలి. ఎండలో, పొయ్యి దగ్గర పెడితే అతుకు జిగురు ఊడుతుంది. స్పైక్స్ మేకులు కడిగాక విప్పి, మరలకు కొంచెం కొబ్బరినూనె రాసి బిగించకపోతే రెండు వారాల్లో తుప్పు పట్టి ఇక విప్పడానికి రావు. కాలివేళ్ళ సందులు తుడుచుకోవడం మర్చిపోవద్దు, ఒరిసిన వేళ్ళతో ఏ బూటు వేసుకున్నా మంటే.

గుబ్బలు కొత్తలో ఉన్న ఎత్తులో సగానికి వచ్చాయంటే బురదకు ఆ జత పని అయిపోయినట్టే. పైభాగం ఎంత బాగున్నా వచ్చే వానాకాలానికి దాచుకోకండి. ఎండాకాలంలో గట్టి గ్రౌండ్ మీద, నడకకు దాన్ని నిశ్చింతగా అరగదీయవచ్చు.